ఆ పేరు మూసేసి కొత్త పేరుతో రావాలా అక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 29 ఏళ్ళు. నల్లగొండ జిల్లాలో ఎరువులు, పురుగుమందుల షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నా. టెలిగ్రామ్‌లో బత్తాయి రైతుల గ్రూపు ఒకటుంది. నాలుగేళ్ళ నుంచి అందులో వేరే పేరుతో రాస్తున్నా. షాపులో మా సేటు ఏ మందుకు మిగులు ఎక్కువుంటే అది అమ్మమంటాడు, నేను గ్రూపులో ఏది కొనక్కర్లేదో చెప్తా. తెలిస్తే నౌకరి పోతది, అందుకే పేరు దాచిన. అక్కడందరూ నన్ను ఏఓ (వ్యవసాయ అధికారి) అనుకొని సార్ అంటారు, నేను కాదని అనలేదు. మొన్న ఏప్రిల్‌లో ఒక రైతు కాయకు మంగు (నల్లి వల్ల కాయ తోలు రంగు మారుడు) పడుతోందని ఫోటో పెడితే లీటరుకు 3 గ్రాముల గంధకం కొట్టమన్నా. ఆయన నాలుగు రోజుల ముందే వేపనూనె కొట్టాడంట, నేను అడగలేదు. పైగా మిట్టమధ్యాహ్నం కొట్టాడు. ఎకరంన్నరలో ఆకు మాడింది, కాయ మీద మచ్చలు పడ్డాయి. గ్రూపులో గొడవైంది. భయమేసి ఇంకో ఖాతా తెరిచి "సార్ చెప్పింది కరెక్టే, మందు కల్తీది అయ్యుంటది" అని రాసిన. ఇప్పుడు కొందరు ముఖం లేనోని మాట వినొద్దంటున్నారు. అడ్మిన్ రిటైరైన హెడ్మాస్టరు, మంచి మనిషే, అందరం ఆధార్ ఫోటో పంపాలని పెడదామంటున్నడు. నాకైతే ఆ పేరు మూసేసి కొత్త పేరుతో రావాలనిపిస్తుంది. పేరు దాచుకునుడే తప్పా అక్కా? నిద్ర పడతలేదు.

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరాన్ని సగానికి సగం తగ్గించి వేశాను, ఏమనుకోకు. నువ్వు రాసినదాంట్లో మండలం పేరుంది, షాపు బస్టాండుకు ఎటువైపో ఉంది, నీకు సెలవు ఏ రోజో ఉంది, డిగ్రీ ఏ కాలేజీలో ఏ సంవత్సరం అయిపోయిందో కూడా ఉంది. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ కాదు. నాలుగూ కలిపితే మీ సెంటర్లో టీ అమ్మేటాయన కూడా "ఓ, ఆ పిల్లగాడా" అనేస్తాడు. నాకు పంపిన ఫోటోలో గంధకం ప్యాకెట్ పట్టుకున్న చెయ్యి వెనకాల గోడకు క్యాలెండర్ వేలాడుతోంది, దాని మీద మీ షాపు పేరు సగం చదవొచ్చు. ఇదే ఫోటో గ్రూపులో కూడా పెట్టి ఉంటే ఇవ్వాళే తీసెయ్, మిగతాది తర్వాత చదువుదువు.

నీ ఉత్తరంలో నాలుగు సంగతులు కలిసి ఒకే ముడి పడి ఉన్నాయి. పేరు దాచుకున్నావు, అది తప్పు కాదు. మందు చెప్పేముందు అడగాల్సింది అడగలేదు, అది పొరపాటు, పెద్ద పొరపాటే, కానీ కౌంటర్ వెనకాల నిలబడే ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకసారి జరిగేది. సార్ అంటుంటే ఊరుకున్నావు, అది తప్పు. ఇంకో పేరుతో వచ్చి నీకు నువ్వే సాక్ష్యం చెప్పుకున్నావు, పోతూ పోతూ కల్తీ మందని ఇంకెవరి మీదనో తోశావు. అన్నిట్లో పెద్దది ఇదే, నువ్వేమో దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు.

పేరు దాచుకోవడం సంగతి మొదట తేల్చేస్తాను, ఎందుకంటే ఇక్కడ నేను పూర్తిగా నీ పక్కనే ఉన్నాను. మాది పాలమూరు. మా ఊరి నుంచి బొంబాయి, పూనా పనులకు పోయే గుంపులకు మేస్త్రీ పేరే పెద్ద గుర్తు, ఆ పేరు కూడా ఊళ్ళో పిలిచే పేరే. కార్డులో ఏముందో ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ ఎరుక లేదు. అయినా ఆ పిలుపు పేరు మీదనే అడ్వాన్సులు ఇచ్చేవాళ్ళు, ఆ పేరు నమ్ముకొనే ఆడవాళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకొని బండి ఎక్కేవాళ్ళు, ఎందుకంటే అదే పేరు పదేళ్ళుగా వాళ్ళ మధ్య తిరుగుతోంది, ఆ పేరుతో ఇచ్చిన మాటలు ఏవి నిలబడ్డాయో ఏవి తప్పాయో ఊరందరికీ గుర్తుంది. నువ్వు నాలుగేళ్ళుగా ఒకే పేరుతో రాస్తున్నావు కాబట్టి నువ్వు కూడా అలాంటి పేరున్న మనిషివే. ఎవరో రాత్రికి రాత్రి వచ్చి ఒక రాయి వేసి పోయే పేరులేని మనిషి వేరు, నువ్వు వేరు. ముఖం లేనోడు అన్నవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. అయితే ఇప్పుడు నువ్వు కొత్త పేరుతో వస్తే వాళ్ళు అన్నదే నిజమవుతుంది.

మా జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతి చూడు. 1926లో మొదలైన గోల్కొండ పత్రికను నిజాం రాజ్యంలో తెలుగులో నడుపుతూ ఆయన చిత్రగుప్త అని, భావకవి రామమూర్తి అని రకరకాల పేర్లతో కూడా రాశారు. ఏ పేరు వెనక ఎవరున్నారో చదివే ప్రతి మనిషికీ తెలియాల్సిన పని లేకపోయింది. కానీ ఆ పత్రికకు సంపాదకుడెవరో అందరికీ తెలుసు. ఇది తప్పు రాశారు, దీనికి జవాబు చెప్పండి అని పోయి అడగడానికి ఒక గుమ్మం ఉండేది. నీకు పేరుంది, పరువుంది, ఆ గుమ్మం లేదు. ఎకరంన్నర తోట మాడిన రైతు ఎవరి ఇంటి ముందు నిలబడాలి? ఆయన కోపమంతా ఇక్కడే ఉంది, అది న్యాయమైన కోపం.

ఇక కొత్త పేరుతో రావడం. నీకు అర్థమయ్యేలా నీ షాపు లెక్కలోనే చెప్తాను. మీ సేటు దగ్గర ఉద్దెర ఖాతా పుస్తకం ఉంటుంది కదా, అందులో ఆధార్ కార్డులో పేర్లు ఎన్ని ఉంటాయి? గుట్టకింది మల్లయ్య, మోటరు సాయిలు, బాయికాడి యాదమ్మ, ఇట్లాంటివే ఉంటాయి. ఆ పేర్ల మీద యూరియా పోతుంది, మందులు పోతాయి, కాయ అమ్మినాక పైసలు వస్తాయి. రేపు అదే మల్లయ్య ఉద్దెర ఎగ్గొట్టి పక్క మండలంలో ఇంకో షాపులో ఇంకో పేరు చెప్పి ఖాతా తెరిస్తే, ఆయన పేరు మార్చుకున్నాడని ఎవరూ అనరు, బాకీ ఎగ్గొట్టి పారిపోయాడంటారు. నాలుగేళ్ళలో నీ మారుపేరు మీద చాలామంది నమ్మకాన్ని ఉద్దెర ఇచ్చారు. దాన్ని వాడుకున్నావు, చాలావరకు తిరిగి కట్టావు కూడా, అక్కర్లేని మందులు కొనకుండా ఎంతమందిని ఆపావో నాకు తెలియకపోయినా వాళ్ళకు తెలుసు. ఇప్పుడొక బాకీ మిగిలింది. ఏ పేరు మీద అయిందో ఆ పేరు మీదనే తీరాలి.

సార్ విషయానికొస్తా. పేరు దాచుకున్నప్పుడు మిగతా మనిషంతా నిజంగా ఉండాలి, ఇంకా చెప్పాలంటే పేరున్నవాళ్ళ కంటే ఎక్కువ నిజంగా ఉండాలి, ఎందుకంటే చదివేవాళ్ళకు నిన్ను కొలవడానికి వేరే కొలత లేదు. నువ్వు ఎవరివో చెప్పనక్కర్లేదు, కానీ ఏ పక్క నుంచి మాట్లాడుతున్నావో చెప్పాలి. "నేను మందుల షాపులో పనిచేస్తాను, ఏ షాపో చెప్పను, నేను ఏఓను కాదు" అని మొదటి రోజే రాసి ఉంటే ఆ రైతు నీ మాటను షాపతని మాటగా విని, ఒకసారి ఇంకెవరినైనా అడిగేవాడేమో. ఆయన మాత్రం సర్కారు అధికారి చెప్పాడనుకొని పంపు భుజానికేసుకున్నాడు. జిల్లాలో మందుల షాపులు తక్కువేం లేవు, ఆ ఒక్క ముక్క చెప్పినంతలో నువ్వు దొరకవు. ఇంకొకటి, కంపెనీ పేరు ఎప్పుడూ రాయకు, టెక్నికల్ పేరే, అంటే మందులో ఉన్న రసాయనం పేరే రాయి. మీ షాపులో దొరికే సరుకు అయితే అది కూడా చెప్పు.

చట్టం గురించి కూడా నీకు భయమున్నట్టుంది కాబట్టి చెప్తున్నా. మారుపేరుతో రాసినంత మాత్రాన మన దేశంలో అది నేరం కాదు. మనిషి ఏకాంతం ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి 2017 ఆగస్టు 24న తేల్చి చెప్పింది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. పేరు దాచుకొని ఎవరినైనా బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351 ప్రకారం బెదిరింపుకు పడే శిక్ష కాక ఇంకో రెండేళ్ళ దాకా పడొచ్చు. నువ్వు ఆ దారుల్లో లేవు. కానీ అందరూ నిన్ను అధికారి అనుకుంటుంటే ఊరుకోవడం ఆ దారి పక్కనే నడవడం, ఇవ్వాళ్టితో మానెయ్.

రెండో ఖాతా. తమ్ముడూ, గొడవైన రోజు నువ్వు భయపడ్డావు, అది నాకు అర్థమవుతుంది. ఉద్యోగం పోతుందని ఒక భయం, నాలుగేళ్ళ పేరు పోతుందని ఇంకో భయం. కానీ ఆ రాత్రి నువ్వు చేసిందేమిటో ఒకసారి ఆ రైతు వైపు నుంచి చూడు. ఆయన తోట మాడింది, ఎందుకు మాడిందో తెలుసుకోవడానికి ఆయన వచ్చాడు. నిజమైన కారణం ఒక్క నీకే తెలుసు, నూనె కొట్టిన మీద గంధకం పడితే, అదీ ఏప్రిల్ ఎండలో పడితే ఆకు కాలుతుందని నీకు తెలుసు. తెలిసి కూడా ఇంకో గొంతుతో కల్తీ అన్నావు. దాంతో ఆయన కారణం తెలుసుకునే అవకాశం పోయింది, వచ్చే ఏడు మళ్ళీ అదే చేయొచ్చు. ఆయనకు గంధకం అమ్మిన షాపువాడు ఏ పాపం ఎరగడు, ఆయన మీద మచ్చ పడింది. గ్రూపులో వేలమంది నూనెకూ గంధకానికీ మధ్య కనీసం రెండు మూడు వారాలు ఆగాలన్న మాట వినకుండా పోయారు. ఒక్క వాక్యం ఇంతమందికి తగిలింది. మారుపేరు మీద జనానికి ఉన్న అనుమానమంతా ఇట్లాంటి రెండో పేర్ల వల్లే వచ్చింది. అసలు పేరుతో భయపడి రాయలేని ఆడపిల్లలు, పై అధికారుల గురించి నోరెత్తలేని చిన్న ఉద్యోగులు, ఎవరికీ చెప్పుకోలేని జబ్బుతో ఉన్నవాళ్ళు ఎంతమంది ఈ మారుపేర్ల నీడలో బతుకుతున్నారో నాకొచ్చే ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది. నీలాంటి మంచి పిల్లగాడు ఆ నీడను చెడగొడితే నాకు నిజంగా బాధేసింది.

సరే, ఇప్పుడేం చేయాలి.

హెడ్మాస్టరు మంచి మనిషి అన్నావు. ఆయనకు ఫోన్ చెయ్, మెసేజ్ కాదు, ఫోన్. నువ్వెవరివో, ఏ షాపులో చేస్తావో, రెండో ఖాతా కూడా నీదేనని ఆయన ఒక్కడికే చెప్పు. మన ఊళ్ళల్లో పంచాయితీ పడితే పెద్దమనుషుల్లో పెట్టి తెంపుకుంటాం కదా, అట్లనే. గుమ్మం అన్నానే, ఆయనే నీకు ఆ గుమ్మం. గ్రూపులో అందరికీ నీ అసలు పేరు తెలియదు, కానీ ఎవరికైనా నీ వల్ల నష్టం జరిగితే పోయి అడగడానికి ఒక మనిషి ఉన్నాడని అందరికీ తెలుస్తుంది. ఆధార్ ఫోటోల కంటే ఇది ఎంతో మేలని ఆయనకు కూడా నువ్వే చెప్పు. ఎవరైనా మందులు, మోతాదులు చెప్పే స్థాయికి వస్తే ఆ పది పదిహేను మంది ఎవరో ఆయనకు ఒక్క ఫోన్‌కాల్‌లో తెలిసి ఉంటే చాలు, అడిగేవాళ్ళందరి కార్డులూ ఎందుకు?

ఆధార్ సంగతి ఆయన మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. దక్షిణ కొరియాలో కూడా మంచి ఉద్దేశంతోనే 2007లో పెద్ద సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు తమ పౌర గుర్తింపు నంబరుతో తామెవరో రుజువు చేసుకోవాలని చట్టం పెట్టారు. ఇట్లా కంపెనీల దగ్గర గుట్టలు పడ్డ వివరాల మీద దొంగల కన్ను పడింది, 2011లో ఒక్క కంపెనీ నుంచే మూడున్నర కోట్ల మంది వివరాలు దోచుకుపోయారు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది, దానివల్ల చెడ్డ రాతలు పెద్దగా తగ్గినట్టు కూడా లేదని చెప్పింది. అంత పెద్ద కంపెనీయే కాపాడలేకపోయిన సరుకును ఒక రిటైరైన పెద్దాయన ఫోన్ గ్యాలరీలో పెడితే ఏమవుతుంది? ఆ ఫోన్‌లో మనవళ్ళు ఆటలాడుకుంటారు. మన జిల్లాల్లో ఎన్నికలప్పుడు ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళను చూడు, సొంత పేరు, సొంత ఫోటో, పక్కన నాయకుడి ఫోటో కూడా పెట్టుకొనే తిట్టుకుంటారు. పేరు బయట పడితే నోరు మంచిదవుతుందన్న నమ్మకం నాకైతే లేదు.

తర్వాత గ్రూపులో రాయి, పాత పేరుతోనే. నీ మాటల్లో రాయి గానీ ఇవి మాత్రం వదలకు: నేను ఏఓను కాదు, మందుల షాపులో పనిచేస్తాను. నూనె ఎప్పుడు కొట్టారని అడగకుండా, ఎండ తగ్గినాక కొట్టమని చెప్పకుండా గంధకం చెప్పాను, తోట మాడింది అందుకే. కల్తీ మందని రాసిన ఆ రెండో పేరు కూడా నాదే, ఆ మాట అబద్ధం, ఆ షాపు తప్పేమీ లేదు. నేనెవరినో అడ్మిన్ గారికి తెలుసు, నా వల్ల ఎవరికి ఇబ్బంది వచ్చినా ఆయన ద్వారా నన్ను అడగండి. అంతే. మీ మనసు నొచ్చుకుంటే క్షమించండి అనే మాట రాయకు, నొచ్చింది మనసు కాదు, తోట. రెండో ఖాతాను ఇది రాసినాకే మూసెయ్. ముందే తుడిచేస్తే స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరో ఉంటుంది, అప్పుడు నువ్వు ఒప్పుకున్నా దొరికిపోయి ఒప్పుకున్నట్టే ఉంటుంది.

గ్రూపులో తిడతారు. కొన్నాళ్ళు నీ మాట ఎవరూ వినకపోవచ్చు. ఆ కొన్నాళ్ళు అక్కడే ఉండు, మోతాదులు చెప్పకుండా ఊరికే ఉండు.

ఇవన్నీ కాక, గ్రూపులో రాయడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది, ఆ రైతుతో మాట్లాడటం. హెడ్మాస్టరును లైన్‌లో పెట్టుకొని మాట్లాడు. ఆయన నిన్ను చూడాలంటే పోయి కలువు. అవును, రిస్కే, ఆయన కోపంతో నీ షాపు పేరు బయట పెట్టొచ్చు. అయినా వెళ్ళమనే అంటాను, ఎందుకంటే నీకు రహస్యం అవసరమైంది మీ సేటు నుంచి, ఈయన నుంచి కాదు. నష్టం మాట వస్తే హెడ్మాస్టరు ముందు కూర్చొని తేల్చుకోండి. మాడిన ఆకు రాలినా చెట్టు మళ్ళీ చిగురు వేస్తుంది, మచ్చపడ్డ కాయకే మార్కెట్లో రేటు తెగ్గొడతారు, ఆ లెక్క నీకు నాకంటే బాగా తెలుసు. దాన్ని సరిచేస్తానని ఇప్పుడు ఇంకో మందు మాత్రం చెప్పకు. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళకు ఆకులు, కాయలు చూపించమను, వీలుంటే నువ్వే తోడుపో. వెంటనే ఎవరినైనా అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఇక నీ పేరు నిజంగా దాగి ఉండాలంటే కొన్ని చూసుకో. టెలిగ్రామ్ ప్రైవసీ సెట్టింగుల్లో నీ నంబర్ ఎవరికీ కనబడకుండా పెట్టుకో, దాని కిందే నంబర్‌తో నిన్ను ఎవరు వెతకొచ్చు అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు, అది కూడా మార్చు. గ్రూపులో ఎవరైనా నంబర్ అడిగితే ఇవ్వకు, నంబర్ దొరికితే ట్రూకాలర్ ఒక పేరు చెప్తుంది, ఫోన్‌పేలో రూపాయి పంపబోతే బ్యాంకులో ఉన్న పేరే కనబడుతుంది, నీ మారుపేరు అక్కడితో అయిపోతుంది. ఫోటోను ఫైల్‌గా పంపకు, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసి ఉంటే ఏ చోట తీశావో ఆ ఫైల్‌లోనే ఉండిపోతుంది. షాపులో ఆ రోజు జరిగిన ముచ్చట ఆ రోజే గ్రూపులో రాయకు, నాలుగు వారాలు ఆగి, మనుషుల్ని మార్చి రాయి. ఇన్ని చేసినా తెలిసినవాడు నీ మాటతీరు పట్టి గుర్తుపట్టొచ్చు, ప్రతి జవాబు చివర నువ్వు రాసే ఆ ఒక్క మాట, నాకు రాసిన ఉత్తరంలో కూడా ఉంది, దాన్ని తీసేశాను, షాపులో కూడా అదే అంటుంటావని నా అనుమానం. అందుకే ఎప్పుడైనా సేటుకు తెలిసినా తల దించుకోవాల్సిన అవసరం లేని మాటలే ఆ పేరుతో రాయి. అక్కర్లేని మందు కొనొద్దని చెప్పినందుకు ఉద్యోగం పోతే అది వేరే బాధ, నీ పక్కన నిలబడేవాళ్ళు ఉంటారు. రెండో ఖాతా బయటపడి పోతే ఎవరూ నిలబడరు.

మళ్ళీ మోతాదులు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, ఎవరు మంగు అని ఫోటో పెట్టినా ముందు మూడు ప్రశ్నలు అడుగు: రెండు మూడు వారాల్లో నూనె ఏదైనా కొట్టారా, ఏ పూట కొడతారు, ఎండ ఎంతుంది.

నీకు వారంలో ఒక్కరోజే సెలవన్నావు. ఈ వారం ఆ రోజు పొద్దుగాలనే హెడ్మాస్టరుకు ఫోన్ చెయ్, మధ్యాహ్నానికల్లా రైతుతో మాట్లాడు, సాయంత్రం గ్రూపులో రాయి. ఆ రైతు ఏమన్నాడో నాకు రాయి, దాన్ని ఇక్కడ వేయను.